సరిపోయిన తూటా

"ఇది లాడం" అన్నాడు పుంగనూరు సర్కిల్ ఇన్‌స్పెక్టర్ వరదరాజులు. "ఎద్దుల పరసలో లాడం కాక ఇంకేం దొరుకుతాది?"

చిత్తూరు నుంచి వచ్చిన సి.ఐ.డి. ఇన్‌స్పెక్టర్ జ్ఞానశేఖర్ ఆ ఇనుపముక్కను అరచేతిలో పెట్టుకుని తిప్పి చూశాడు. రూపాయి బిళ్ళను సగానికి కోసినట్టుంది. పలుచగా ఉంది. వెలుపలి అంచున మూడు గుండ్రటి గంట్లు తీసి ఉన్నాయి.

"ఏ ఎద్దుకప్పా ఇది?"

"మా పుంగనూరు ఆవులు పొట్టివిలే. చిత్తూరులో కుర్చీలో కూర్చునే వాళ్ళకి తెలీదు."

"ఎంత పొట్టిదైనా దాని గిట్ట నా బొటనవేలంత ఉంటుందా? మేకు కొట్టే రంధ్రం యాడుందో చూపించు."

వెనక నిలబడ్డ కానిస్టేబుల్ నవ్వు దాచుకోవడానికి తల పక్కకు తిప్పుకున్నాడు.

ముందురోజు ఉదయం పరస, అంటే పశువుల సంత, మొదలు కావలసింది ఈ చెక్కల అరుగు మీదనే. సదుం దగ్గర నాలుగు ఊళ్ళలో మందలున్న ముత్యాలప్ప ఏటా చేసే పనే నిన్న కూడా చేశాడు. అరుగెక్కి, తండ్రి కాలం నాటి వెబ్లీ రివాల్వర్‌ను ఆకాశంలోకి ఎత్తి పేల్చాడు. ఆ చప్పుడుతో బేరాలు మొదలు కావాలి. నిన్న మాత్రం రివాల్వరే పగిలిపోయింది. దాని పైభాగంలో ఉండే ఇనుప పట్టీ ఊడివచ్చి నుదుట్లో దిగింది. ముత్యాలప్ప మళ్ళీ లేవలేదు.

మధ్యాహ్నానికల్లా వరదరాజులు తిమోతి అనే మనిషిని పట్టుకుని మదనపల్లె సబ్‌జైలుకు పంపేశాడు. ఆ రివాల్వర్‌ను మార్పించి తూటాలు ఇచ్చింది తిమోతి. యుద్ధం జరిగిన రోజుల్లో బెంగుళూరు ఆయుధాల డిపోలో ఆర్మరర్‌గా, అంటే తుపాకులు మరమ్మతు చేసేవాడిగా ఉండి, పోయిన ఏడు ఇంటికి వచ్చినవాడు.

జ్ఞానశేఖర్ గోనెపట్ట మీద పేర్చిన ముక్కల ముందు గొంతుక్కూర్చున్నాడు. తూటాలు కూర్చునే గుండ్రటి సిలిండర్ మూడు చెక్కలైంది. మిగతా ఇనుమంతా ముప్పై ఏళ్ళ నలుపెక్కి ఉంటే, దాని వెనక ముఖం మాత్రం ఆకురాయి గీతలతో తెల్లగా మెరుస్తోంది. ఒక చెక్కలో చితికిన ఇత్తడి తొడుగు ఇరుక్కుని ఉంది. దాన్ని చాకుమొనతో పెళ్ళగించి తీశాడు.

"వరదరాజులూ, నీ నడుం దగ్గరుండే తూటా ఒకటి ఇయ్యి."

వరదరాజులు విసుగ్గానే ఇచ్చాడు. జ్ఞానశేఖర్ రెండూ పక్కపక్కన పెట్టాడు.

"నీ తూటాకు అడుగున గొడుగు అంచులాగా అంచుంది. రివాల్వర్‌లో ఆ అంచు తట్టుకునే తూటా జారిపోకుండా నిలబడుతుంది. ఈ ఇత్తడికి అంచు లేదు. ఇది అమెరికా సిపాయిల పిస్తోలు తూటా. పాత వెబ్లీలో ఏస్తే లోపలికి జారిపోతుంది, పేలదు. అందుకని సిలిండర్ వెనక ముఖాన్ని ఆకురాయితో రాకించి, మూడేసి తూటాలను ఈ అరచంద్రపు ముక్కకు తగిలించి కూర్చోబెట్టినారు. ఇప్పుడు సరిపోయింది. సరిపోయిందే గానీ, ఆ ముసలి ఇనుము మెత్తటి మందుకు పుట్టింది. ఇది దానికంటె గట్టిగా తన్నుతుంది. పైగా రాకి పలచన చేసినారు. కొన్ని తూర్లు ఓర్చుకుని నిన్న పగిలింది."

"అదే కదప్పా నేను చెప్తాండేది! ఇది పగుల్తాదని నీకే తెలిస్తే, తుపాకుల్లో పుట్టి పెరిగిన ఆర్మరర్‌కు తెలీదా? తెలిసే చేసినాడు. ముత్యాలప్ప ఈ తిమోతి నాయనను చెప్పులు నెత్తిన పెట్టించి ఎండలో నిలబెట్టినాడు, పన్నెండేండ్ల కింద. ఊరంతా చూసింది. కొడుకు మర్చిపోతాడా? తెలివి ఉండాది, పగ ఉండాది. ఇంకేం కావాల?"

జ్ఞానశేఖర్ అరుగు దిగి, పక్కనే కొలిమి పెట్టుకున్న ఓబులప్ప దగ్గరికి పోయాడు. ఓబులప్ప ఒక కోడెను పడదోసి కాళ్ళు కట్టి లాడాలు కొడుతున్నాడు. ఇన్‌స్పెక్టర్ అరచేతిలో ఉన్న ముక్కను చూడగానే సుత్తి కింద పెట్టేశాడు.

"నేనే సామీ చేసింది. తిమోతప్ప కాయితం మింద గీసిచ్చినాడు. రంపం బ్లేడు తెంచి చేసినా. చక్రం ఎనకపక్క రాకమంటే రాకినా. ముత్యాలప్పదొకటి, కుప్పంలో ఆయప్ప మామదొకటి."

"రాకేటప్పుడు తిమోతి పక్కనే ఉండాడా?"

"ఉండె సామీ. ఎంతమటుకు రాకల్ల అంటే, 'నీకు తెలీదా' అన్నాడు. ఇదేమన్నా గిట్టనా సామీ, నాకు తెలిసేదానికి? మిలిట్రీలో నేర్చినోడు కదా, నన్ను పరీక్ష చేస్తాండాడేమో అనుకుంటి."

జ్ఞానశేఖర్ ఆ మాటను మనసులోనే రెండుసార్లు అనుకున్నాడు. నీకు తెలీదా.

వెనకనుంచి వరదరాజులు వచ్చాడు. "కుప్పం రివాల్వర్ సంగతి నాకూ తెలుసు. తిమోతి మామ ప్రేమానందం, రిటైరైన హవల్దారు. చేన్లో పందులు పడితే అదే పేలుస్తాడు. అదీ ఈ అల్లుడు చేయించిందే, ఈ తూటాలే. అది పగల్లేదు. ఎందుకు పగల్లేదు? పిల్లనిచ్చిన మామది కాబట్టి జాగ్రత్తగా చేయించినాడు. పగవాడిది పాడు చేయించినాడు. ఈ సాయంత్రం నాలుక్కు ప్రేమానందం ఇదే అరుగు మింద దాన్ని పేల్చి చూపిస్తాడు. డిప్యూటీ సూపరింటెండెంట్ దొర వస్తాండారు. ముసలాయన పొద్దున బస్సుకే బయల్దేరినాడు."

జ్ఞానశేఖర్ అడ్డు తగిలాడు. "ఆ పరీక్ష వద్దు. ఆయన చేతిలో కూడా పగులుతుంది."

"పగిలితే నీ మాట నిజం. పగలకపోతే నాది నిజం."

"మనిషి ప్రాణం పెట్టి నిజం తేల్చుకుంటావా?"

"ఆయనే పేలుస్తానన్నాడు. అల్లుడి పనితనం మింద ఆయనకు అంత నమ్మకం. అల్లుడు కావాలని తప్పు చేయలేదని చూపించడానికి వస్తాండాడు పాపం. అదే అల్లుణ్ణి ఉరికంబం ఎక్కిస్తాదని తెలీదు." వరదరాజులు గొంతు తగ్గించాడు. "నీకు బాధగా ఉంటాదిలే. ఒకే చర్చిలో మోకరిల్లే వాళ్ళు. చిత్తూరులో ఇంతమంది ఇన్‌స్పెక్టర్లు ఉంటే నిన్నే యాల పంపించినారా అని నేనూ అనుకుంటి."

జ్ఞానశేఖర్ చెవులు వేడెక్కాయి. కోపం వచ్చి ఉంటే బాగుండేది. వచ్చింది సిగ్గు. నిన్న రాత్రి కాగితాల్లో తిమోతి పేరు చూసినప్పుడు, ఈ కేసు నాకు పడకపోయి ఉంటే బాగుండునని అతనూ అనుకున్నాడు.

"నాలుగు లోపల వస్తాను. నేను వచ్చేదాకా పేల్చనీయకు" అని వ్యాన్ ఎక్కాడు.

* * *

మదనపల్లె సబ్‌జైలులో తిమోతి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఖాకీ చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. ఇన్‌స్పెక్టర్‌ను చూసి లేచి సెల్యూట్ చేశాడు.

"ఎన్నేండ్లు చేసినావు డిపోలో?"

"నాలుగేండ్లు సార్."

"ఏం పని?"

"ఆర్మరర్ సార్."

"అమెరికా తూటాలు యాడివి?"

"పోయేటప్పుడు ఒక సిపాయి ఇచ్చినాడు సార్. సిగరెట్ డబ్బా నిండా."

"వెబ్లీలో అవి పనిచేస్తాయని ఎవరు చెప్పినారు?"

"నాకే తెలుసు సార్. అమెరికావాళ్ళ రివాల్వర్ ఒకటుంటాది. దాంట్లో ఇవే తూటాలు, ఇట్లనే అరచంద్రాలకు తగిలించి ఏస్తారు. కళ్ళారా చూసినా."

"ఆ రివాల్వర్ ఆ తూటాల కోసమే పుట్టింది. దాని ఇనుము వేరు. వెబ్లీది వేరు. ఆర్మరర్‌కు మొదటి వారంలోనే చెప్పే మాట ఇది. నీకు చెప్పలేదా?"

తిమోతి కళ్ళు నేల మీదికి దిగాయి. "చెప్పినారు సార్."

"అంటే పగుల్తుందని తెలుసు?"

"తెలుసు సార్."

"ఆ ఒక్క మాటకు నీకు ఉరి పడుతుంది. తెలుసునంటే హత్య. తెలీదంటే ప్రమాదం. మళ్ళీ అడుగుతాను. నీకు తెలుసా?"

"ఉరేస్తే ఏయండి సార్. తెలుసు."

జ్ఞానశేఖర్ తన రివాల్వర్ తీసి, తూటాలన్నీ బల్ల మీద పోసి, ఖాళీ చేసి అతనికి అందించాడు. "దీంట్లో ఏదో అడ్డం పడింది. చూసి చెప్పు."

తిమోతి దాన్ని రెండు చేతులతో అందుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో వెతికాడు. దొరకలేదు. చివరికి గొట్టం మూతిని కంటికి ఆనించుకుని లోపలికి చూశాడు. వేలు మీట మీదే ఉంది.

జ్ఞానశేఖర్ మెల్లగా దాన్ని అతని చేతిలోంచి తీసుకున్నాడు. తుపాకుల దగ్గర నాలుగేళ్ళు బతికినవాడు ఎవడూ గొట్టంలోకి కన్నుపెట్టి చూడడు.

అడుగుదామనుకునేలోపల జవాను వచ్చి చెప్పాడు. "దయామణమ్మ వచ్చింది సార్. ఈయప్ప భార్య. ఆస్పత్రి నర్సు."

ఆమె బయట వరండాలో తెల్లచీరతో నిలబడి ఉంది. డ్యూటీ మధ్యలో వచ్చినట్టుంది, చేతులకు మందు వాసన. కొంగులో చుట్టి తెచ్చినదాన్ని విప్పి ఇన్‌స్పెక్టర్ చేతిలో పెట్టింది. మూరెడు పొడుగున గుండ్రటి ఉక్కు కడ్డీ, చెక్కపిడి.

"ఆయన పనిముట్టు సార్ ఇది. తుపాకీ గొట్టాలు దీంతోనే నున్నగా చేస్తాడు. ఎంత పనిమంతుడో మీకు చూపిద్దామని తెచ్చినా."

జ్ఞానశేఖర్ దాన్ని చూశాడు. కడ్డీ మీద సన్నటి నిలువు గీతలు. పిడి సందుల్లో ఎండిన కొవ్వు. హోటళ్ళలో మాంసం కోసేవాళ్ళు కత్తులు నూరే కడ్డీ. ఈ అమ్మాయి దీన్ని ఇన్నాళ్ళూ పెట్టెలో దాచి, ఎవరొచ్చినా తీసి చూపిస్తూ ఉండి ఉంటుంది. ఆమె వైపు చూడలేకపోయాడు.

"మంచిదమ్మా. ఇంకేమన్నా చెప్పాల్నా?"

ఆమె పోలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. "మా నాయన ఈపొద్దు పుంగనూరులో తుపాకీ పేలుస్తాడంట సార్. దాన్ని ఆపండి."

"యాల? మీ ఆయన చేయించిందేగా. పనిమంతుడంటివి."

"మా నాయనకు చేయి వణుకుతాది సార్. ముసలోడు."

"పందుల్ని పేల్చేటప్పుడు వణకలేదా?"

"ఆపండి సార్. అంతే" అంది ఆమె.

జ్ఞానశేఖర్ లోపలికి తిరిగి వచ్చాడు. కత్తుల కడ్డీని తిమోతి ఎదురుగా బల్ల మీద పెట్టాడు. తిమోతి దాన్ని చూసి, గుండీలు సరిగ్గా ఉన్నాయో లేదో తడిమి చూసుకున్నాడు.

"మీ మామ కుప్పం నుంచి వచ్చినాడు. నీ పని గొప్పదని చూపించడానికి నాలుగు గంటలకు ఆ రివాల్వర్ అందరి ముందరా పేలుస్తాడు."

తిమోతి గబుక్కున ముందుకు వచ్చాడు. "వద్దు సార్! పేల్చొద్దని చెప్పండి!"

"యాల వద్దు? ముత్యాలప్పదైతే పగబట్టి చెడగొట్టినావు. మీ మామది బాగానే చేయించింటావు కదా."

"పగుల్తాది సార్!"

"ఎట్ల తెలుసు?"

"తెలీదు సార్! నాకేమీ తెలీదు, అందుకే!" అని అరిచి, అరిచిన మాట తనకే వినపడినట్టు నోటికి చేయి అడ్డం పెట్టుకున్నాడు.

జ్ఞానశేఖర్ బల్ల ఇవతల కూర్చున్నాడు. తిమోతి మాట్లాడాడు. గొంతు చాలా చిన్నదైంది.

"లంగరులో, అదే సిపాయిల వంటసాలలో, వంటోణ్ణి సార్. ఉల్లిగడ్డలు కోస్తా, పప్పు కాస్తా. ఆర్మరర్ల షెడ్డుకు మూడుపూట్లా టీ తీసుకుపోతా. ఆడ నిలబడి సూసిందే. అరచంద్రాలూ అట్ల సూసిందే. ఇంటికొచ్చినాక ముత్యాలప్ప అన్న పిలిపించినాడు. డిపోలో ఏం పనిరా అన్నాడు. మా నాయన చెప్పులు నెత్తిన పెట్టుకోని నిలబడిన గడప అది. ఆ గడప ముందర నిలబడి వంటోణ్ణి అని ఎట్ల చెప్పేది సార్? ఆర్మరర్ అని చెప్పేస్తి. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేయించినాడు. నాకు సార్, కుర్చీ! నేను కూర్చున్నా. ఆయన తుపాకీ తెచ్చి, పాత తూటాలు దొరకలేదు, నీకేమన్నా తెలుసా అన్నాడు. అప్పుడు లేచి పోలేకపోతిని."

"మామకెందుకు చేయించినావు?"

"ముత్యాలప్పకు చేసినావంట, నాకు చేయవా అన్నాడు సార్. ఆయన పిల్లనిచ్చింది ఆర్మరర్‌కు. వంటోడికి కాదు."

"పుంగనూరు వచ్చి ఇదే చెప్తావా? మీ మామ నా మాట వినడు. నీ మాటే వినాల."

"అందరి ముందరా?"

"అందరి ముందరా."

తిమోతి గోడ వైపు తిరిగాడు. జ్ఞానశేఖర్ వాచీ చూసుకున్నాడు గానీ తొందర పెట్టలేదు. ఇలాంటి మాట ఒక మనిషి చేత చెప్పించడానికి తనకేం హక్కుందని అనిపించింది. హక్కు లేకపోయినా చెప్పించాలి. అవతల ముసలాయన మీట మీద వేలు పెట్టబోతున్నాడు.

"బయట ఆమె ఉండాదా సార్?" అన్నాడు తిమోతి.

"ఉంది."

"ఆమెను తీసుకురావద్దండి."

కానీ వ్యాన్ దగ్గరికి వచ్చేసరికి దయామణి ముందే ఎక్కి కూర్చుని ఉంది. దిగమంటే దిగలేదు. దారి పొడుగునా భార్యాభర్తలు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

* * *

వ్యాన్ అరుగు దగ్గర ఆగేసరికి నాలుగు దాటింది. వరదరాజులు ఆగలేదు.

పరసకు వచ్చిన జనమంతా ఎద్దులను వదిలి అరుగు చుట్టూ మూగారు. డిప్యూటీ సూపరింటెండెంట్ దొర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అరుగు మీద ప్రేమానందం. అరవై దాటినా నిటారుగా ఉన్నాడు. కోటుకు పాత మెడల్స్ తగిలించుకున్నాడు. చెయ్యి ఎత్తి ఉంది. చెయ్యి వణకడం లేదు.

"హవల్దార్, దించండి!" జ్ఞానశేఖర్ జనాన్ని తోసుకుంటూ పోయాడు.

"ఎవరప్పా నువ్వు?" ప్రేమానందం చెయ్యి దించలేదు. "మా అల్లుడు అన్నాయంగా జైల్లో ఉండాడు. ఈ తుపాకీ ఆ పిల్లోడు చేయించిందే. నిక్షేపంగా పనిచేస్తాది. అదే సూపిస్తాండా."

"మామా!" అన్నాడు తిమోతి. కానిస్టేబుళ్ళ నడుమ, చేతులకు బేడీలతో. "దించు మామా. అది పగుల్తాది."

"పగులుతుందంట! చూసినారా దొరా?" వరదరాజులు అందుకున్నాడు. "వాడి నోటితో వాడే చెప్తాండాడు."

"పగుల్తాదని యాల అనుకుంటాండా అంటే..." తిమోతి ఆగిపోయాడు. జనం నిశ్శబ్దమయ్యారు. "నేను ఆర్మరర్ కాదు మామా. లంగరులో వంటోణ్ణి. తుపాకీ పని నాకు రాదు. టీ ఇయ్యను పోయి సూసింది చేయించినా."

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత వెనకెక్కడో ఎవరో "వంటోడంటరా!" అన్నారు. నవ్వు ఒక మూల మొదలై అంతటా పాకింది. "ముత్యాలప్ప పోయి పోయి పప్పు కాసేవోడి చేతికిచ్చినాడే తుపాకీ!" "తాలింపు పెట్టినాడేమోరా, అందుకే పేలింది!"

ప్రేమానందం మొహం ఎర్రబడింది. "పోలీసులు చెప్పమన్నారా నీకు? ప్రాణం కాపాడుకోను ఇంత అగ్గువ మాట చెప్తావా? నా అల్లుడు ఆర్మరర్!" అని మళ్ళీ చెయ్యెత్తాడు.

"కాదు మామా. అడుగు. నువ్వు పదిహేడేండ్లు లంగరు కూడు తిన్నోడివి. నన్ను ఏదన్నా అడుగు."

ముసలాయన కళ్ళు చిన్నవి చేసి చూశాడు. "రైఫిల్ బోల్టు విప్పే ముందు ఏం చేస్తావు?"

"తెలీదు మామా."

"డేక్సాలో పప్పు మాడితే ఏం చేస్తావు?"

"అడుగు కదపకుండా పైది వేరే డేక్సాలోకి వంచుకుంటాం. ఉల్లిగడ్డ సగానికి కోసి దాంట్లో ఏస్తాం, మాడు వాసన లాగేస్తాది. ఎవురు బాగా ఆకలి మింద ఉండారో సూసుకోని ముందర వాళ్ళకు పెడతాం. కవాతు చేసొచ్చిన హవల్దార్లకే పెడతాం ఎక్కువగా. వాళ్ళు బాగుందనేస్తే ఇంక సిపాయిలు నోరెత్తరు."

జనం పగలబడి నవ్వారు. దొర కూడా మీసాల చాటున నవ్వాడు. ప్రేమానందం మాత్రం నవ్వలేదు. సగానికి కోసిన ఉల్లిగడ్డ ఆయన కంచంలో ఎన్నిసార్లు పడిందో ఆయనకు తెలుసు. ఎత్తిన చెయ్యి నెమ్మదిగా దిగింది.

జ్ఞానశేఖర్ అరుగెక్కి రివాల్వర్ అందుకున్నాడు. గొట్టం వంచి తెరిచి, తూటాలు తీసేసి, సిలిండర్‌ను ఎండకు తిప్పాడు. ఒక గది గోడ మీద వెంట్రుక మందాన చీలిక. దాన్ని దొర ముందుకు తీసుకుపోయి చూపించాడు.

"ఇంకొక్క తూటా చాలండి. ముత్యాలప్పది ఎట్ల పోయిందో ఇదీ అట్లనే పోయేది. ఒకటి పగబట్టి చేసిందీ, ఒకటి జాగ్రత్తగా చేసిందీ కాదు. రెండూ తెలియక చేసినవే. తూటా గదిలో దిగుతుంది కాబట్టి పేల్చవచ్చు అనుకున్నారు, అంతే."

దొర చీలికను గోటితో తడిమి, తల ఊపాడు. "ఇది హత్య కేసు లాగా లేదు, వరదరాజులూ."

నవ్వే జనం మధ్య వరదరాజులు చొక్కా వీపు తడిసి కనిపించింది.

అరుగు మెట్ల దగ్గర ప్రేమానందం కూతురి ముందు నిలబడ్డాడు. ఆమె తల దించుకుంది.

"నీకు తెలుసునా?"

"నాయనా, ఇంటికి పోయి మాట్లాడదాం."

"ఈడ నలుగుర్లో నా పరువు పొయ్యింది. ఈడనే చెప్పు. నీకు తెలుసునా, వీడు వంటోడని?"

తిమోతి తలెత్తాడు. తెలీదని చెప్తుందని ఎదురుచూశాడు. తెలీదు అనడం ఆమెకు ఎంత సులభమో అక్కడున్న అందరికీ తెలుసు.

"తెలుసు నాయనా" అంది దయామణి.

"ఎప్పట్నించి?"

"పెండ్లైన మొదటి క్రిస్మస్‌కు. మన సంఘం విందుకు వంటమనిషి రాలేదు కదా. ఆ తెల్లారి నేను లేచి పోయేసరికి, ఎవురూ సూడలేదనుకోని నూరు మందికి ఒక్కడే కోసి కడిగి పెట్టేసినాడు. ఆ చేతులు సూస్తే తెలీదా నాయనా? ఆయనకు నేను చెప్పలేదు. ఆయన సిగ్గుపడతాడని."

"మరి నేను ఈ తుపాకీ పట్టుకోని చేన్లోకి పోతాంటే? ఆరు నెలలుగా పోతాంటే?"

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. "వద్దనాలంటే యాల అని అడుగుతావు. అడిగితే ఆయన సంగతి చెప్పాల. ఏమీ కాదులే, ఏమీ కాదులే అనుకుంటా ఉంటి."

ప్రేమానందం కోటు మీది మెడల్స్ ఒక్కొక్కటే విప్పి జేబులో వేసుకున్నాడు. "నేను పలమనేరు బస్సుకు పోతాండా" అన్నాడు. రమ్మనలేదు, ఉండమనలేదు. జనం దారి ఇచ్చారు. దయామణి రెండడుగులు ఆయన వెనక నడిచి ఆగిపోయింది.

జ్ఞానశేఖర్ ఈ మాటలు వినకూడదనుకుంటూనే విన్నాడు. అతని పక్కన వరదరాజులు కూడా విన్నాడు. అతని మొహం తేటపడటం జ్ఞానశేఖర్ చూశాడు.

"దొరా, ఒక్క మాట" అన్నాడు వరదరాజులు, అందరికీ వినపడేలా. "వంటవాడికి తెలీదు. ఒప్పుకుంటాను. ఈమెకు తెలుసు. పని రాని మనిషి మార్పించిన తుపాకులు రెండు ఊళ్ళో తిరుగుతాండాయని తెలుసు. తెలిసీ ఆరు నెలలు నోరు మూసుకుంది. ముత్యాలప్ప చావుకు కారణం ముందే తెలిసిన మనిషి ఈమె ఒక్కతే. రైటర్, పేరు రాసుకో. దయామణి, భర్త పేరు తిమోతి, ఆస్పత్రి నర్సు."

"నీకు సిగ్గులేదా వరదరాజులూ?" అన్నాడు జ్ఞానశేఖర్.

"నాకెందుకప్పా సిగ్గు? ఆమె నోటితో ఆమే చెప్పింది. నువ్వూ విన్నావు కదా. సాక్షివి నువ్వే."

దొర గడ్డం రుద్దుకుంటూ ఏదో ఆలోచించాడు. కాదనలేదు. కానిస్టేబుల్ ఒకడు దయామణి వైపు అడుగు వేశాడు. ఆమె కదలకుండా నిలబడింది. తండ్రి పోయిన దారి వైపే చూస్తోంది.

"సార్."

తిమోతి గొంతు. జైల్లో వినిపించిన చిన్న గొంతు కాదిది. గుండీలు మెడదాకా పెట్టుకుని, మడమలు దగ్గరికి చేర్చి, నిటారుగా నిలబడ్డాడు.

"రాసుకోండి సార్. నేను ఆర్మరర్‌ని. బెంగుళూరు డిపోలో నాలుగేండ్లు చేసినా. రెండు తుపాకులూ పగుల్తాయని తెలిసే రాకించినా. ముత్యాలప్పను మా నాయన చెప్పులకోసం చంపినా. మా మామ నన్ను ఎప్పుడూ చిన్నచూపు చూస్తాంటాడు, అందుకని ఆయన్నూ చంపాలనుకుంటి. వంటోడినని చెప్పింది అబద్ధం. తప్పించుకోను చెప్పినా. ఆ క్రిస్మస్ మాట ఆమె నాకోసం కల్పించింది. ఆమెకు ఏమీ తెలీదు."

ఇందాక నవ్విన జనంలో ఇప్పుడు ఒక్కరూ నవ్వలేదు. ముందు వరసలో వాళ్ళు వెనక్కి జరిగారు. బస్సు వైపు పోతున్న ప్రేమానందం ఆగి, వెనక్కి తిరిగాడు.

"మళ్ళీ చెప్పు" అన్నాడు వరదరాజులు, రైటర్ చేతిలోంచి పెన్ను తనే అందుకుంటూ. "మెల్లగా చెప్పు. ఒక్కొక్క మాటా."